రీసెర్చ్ పార్క్ అంటే ఐటీ పార్కుకు ఇంకో పేరు కాదు

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అదే, కాలేజీ పాత విద్యార్థుల గ్రూపుల్లో అదే, ప్లాట్ల ఏజెంట్ల గ్రూపుల్లోనూ అదే. దాని సారాంశం ఇది: "రీసెర్చ్ పార్క్ అంటే ఐటీ పార్కుకే కొత్త పేరు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఒక పార్కు కట్టారు, సిలికాన్ వ్యాలీ పుట్టింది. బిల్డింగ్ కడితే కంపెనీలు వాటంతటవే వస్తాయి. లాం ఫామ్, స్పైసెస్ పార్క్ రూపంలో గుంటూరుకు ఇప్పటికే రెండు రీసెర్చ్ పార్కులున్నాయి. ఇంకోటి వస్తే డిగ్రీ పాసైన ప్రతి పిల్లాడికీ ఇంటి దగ్గరే ఉద్యోగం. చుట్టుపక్కల స్థలం ఇప్పుడే కొనుక్కోండి."

అమరావతి క్వాంటమ్ వ్యాలీ, మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ లాంటి పేర్లు మనం తరచూ పేపర్లో చదువుతున్న రోజులివి. పార్క్, హబ్, వ్యాలీ, జోన్ అన్నీ ఒకటే అనుకునే వాతావరణంలో ఇలాంటి మెసేజ్ సులువుగా నమ్మకం సంపాదిస్తుంది. దాన్ని నమ్మి పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలో తేల్చుకునే తల్లిదండ్రులున్నారు. పెళ్లికి దాచిన డబ్బు తీసి ప్లాటుకు అడ్వాన్సు కట్టే వాళ్లున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ఐటీ పార్కుకే కొత్త పేరు" అన్నది మొదటి మాట. మిగతా పొరపాట్లన్నీ దీన్లోంచే పుట్టాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి.

ఐటీ పార్కు మనకు కొత్త కాదు. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కేసరపల్లిలో మేధా టవర్స్ చూస్తూనే ఉన్నాం. హైదరాబాద్‌లో 1998లో మొదలైన సైబర్ టవర్స్ మన ఇళ్ల నుంచి ఎంతమందిని తీసుకెళ్లిందో చెప్పనక్కర్లేదు. ఐటీ పార్కులో పద్ధతి సింపుల్. కట్టినవాళ్లు ఫ్లోర్లు, కరెంటు, జనరేటర్, ఇంటర్నెట్, పార్కింగ్ ఇస్తారు. కంపెనీ అద్దె కడుతుంది. లోపల బ్యాంకు లెక్కలు చూస్తున్నారా, కాల్ సెంటర్ నడుపుతున్నారా అన్నది యజమానికి పట్టదు. ప్రభుత్వం షరతు పెట్టినా అది ఎగుమతి గురించే. 1991లో వచ్చిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా పథకం సాఫ్ట్‌వేర్ బయటి దేశాలకు పంపేవాళ్లకు పన్ను రాయితీ ఇచ్చింది. 2005 చట్టంతో వచ్చిన సెజ్‌లలోనూ (ప్రత్యేక ఆర్థిక మండళ్లలోనూ) అసలు ఉద్దేశం ఎగుమతే. పక్కన యూనివర్సిటీ ఉందా లేదా అని ఈ రెండింటిలో ఎవరూ అడగరు.

రీసెర్చ్ పార్కులో ఆ ప్రశ్నే ముందు అడుగుతారు. ఒక యూనివర్సిటీ గానీ పెద్ద పరిశోధన సంస్థ గానీ ఉండాలి. దాని పక్కనే కంపెనీలు తమ పరిశోధన విభాగాలు పెట్టుకోవాలి. ఈ ఇద్దరూ కలిసి పని చేసి తీరాలన్న ఏర్పాటు కాగితం మీద ఉండాలి. మూడోది లేకపోతే మిగతా రెండూ ఉన్నా అది యూనివర్సిటీ పక్కనున్న ఆఫీసు బిల్డింగే అవుతుంది.

మనకు దగ్గర్లో దీనికి మంచి ఉదాహరణ చెన్నై తరమణిలో ఉంది. 2010లో మొదలైన ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్ మన దేశంలో యూనివర్సిటీని ఆనుకుని వచ్చిన మొదటి రీసెర్చ్ పార్కు. సుమారు 12 లక్షల చదరపు అడుగుల స్థలం. దీని వెనకున్న ముఖ్యుల్లో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా ఒకరు. అక్కడ అద్దె కట్టినంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరదు. క్రెడిట్లు సంపాదించాలి. ఐఐటీ ప్రొఫెసర్‌తో కలిసి ప్రాజెక్టు చేస్తే క్రెడిట్లు. విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇస్తే క్రెడిట్లు. తన ఇంజనీరు ఐఐటీలో ఎం.ఎస్. గానీ పీహెచ్‌డీ గానీ చేస్తే క్రెడిట్లు. తీసుకున్న స్థలాన్ని బట్టి ఎన్ని రావాలో లెక్క ఉంటుంది. ఐఐటీతో ఏ పనీ పెట్టుకోకుండా కేవలం అడ్రసు కోసం వచ్చిన కంపెనీకి అక్కడ చోటు లేదు.

దాని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. ఐఐటీ మద్రాస్‌లో పుట్టిన అగ్నికుల్ అనే రాకెట్ కంపెనీ 2022లో తన ఇంజన్ల తయారీ కేంద్రాన్ని ఆ రీసెర్చ్ పార్కులోనే పెట్టింది. 2024 మే 30న మన శ్రీహరికోట నుంచి, ఒకే ముక్కగా 3డీ ప్రింటింగ్‌లో తయారైన ఇంజన్‌తో రాకెట్ పంపింది. రాకెట్ ఇంజన్ చేసేవాళ్లకు మండే వాయువుల గురించి జీవితమంతా చదివిన ప్రొఫెసర్లు, ఆ వాయువుల్ని పరీక్షించే ల్యాబ్ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. ఏసీ ఫ్లోరు ఎంత బాగున్నా ఆ అవసరం తీర్చదు. 2016లో కేంద్రం స్టార్టప్ ఇండియా ప్రణాళిక ప్రకటించినప్పుడు కొత్తగా 7 రీసెర్చ్ పార్కులు పెడతామంటూ ఐఐటీ మద్రాస్‌నే నమూనాగా తీసుకోవడానికి కారణం ఇదే.

పేర్ల దగ్గర గందరగోళం ఉన్నమాట మాత్రం నిజమే. అమెరికాలో రీసెర్చ్ పార్క్ అంటారు. బ్రిటన్‌లో సైన్స్ పార్క్ అంటారు. 1970లో ట్రినిటీ కాలేజీ పెట్టిన కేంబ్రిడ్జ్ సైన్స్ పార్క్ అందులో పేరున్నది. ఫ్రాన్స్‌లో టెక్నోపోల్ అంటారు. ఇవన్నీ దాదాపు ఒకే ఏర్పాటుకున్న పేర్లు. అటు చూస్తే తిరువనంతపురంలో 1990లో మొదలైన టెక్నోపార్క్ పేరు వినడానికి ఇలాగే ఉన్నా అది ప్రధానంగా ఐటీ కంపెనీల పార్కు. కాబట్టి బోర్డు మీద పేరు చూసి తేల్చుకోలేం, లోపల కంపెనీ మీద ఏ షరతు ఉందో అడిగి తేల్చుకోవాలి. ఇంక్యుబేటర్ కూడా వేరే సంగతి. అప్పుడే పుట్టిన కంపెనీని రెండు మూడేళ్లు చేయి పట్టి నడిపించి పంపేస్తుంది. రీసెర్చ్ పార్కులో ఇంక్యుబేటర్ ఉండొచ్చు, కానీ అదొక్కటే ఉంటే రీసెర్చ్ పార్కు అనరు.

ఇక స్టాన్‌ఫర్డ్ సంగతి. మెసేజ్ చెప్పినట్టు "పార్కు కట్టారు, సిలికాన్ వ్యాలీ పుట్టింది" అన్న వరసలో అది జరగలేదు.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి 8 వేల ఎకరాల పైచిలుకు భూమి ఉంది. దాన్ని అమ్మడానికి వీల్లేదని దానం చేసిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ షరతు పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూనివర్సిటీకి డబ్బు అవసరమైంది. అమ్మలేరు కాబట్టి లీజుకివ్వాలనుకున్నారు. ఇంజనీరింగ్ డీన్ ఫ్రెడరిక్ టెర్మన్ మాత్రం ఎవరికి పడితే వాళ్లకు లీజు వద్దని, యూనివర్సిటీకి పనికొచ్చే టెక్నాలజీ కంపెనీలకే ఇద్దామని పట్టుబట్టాడు. అలా 1951లో స్టాన్‌ఫర్డ్ ఇండస్ట్రియల్ పార్క్ మొదలైంది. అవును, మొదట దాని పేరు ఇండస్ట్రియల్ పార్కే. రీసెర్చ్ పార్క్ అన్న పేరు తర్వాత పెట్టారు. పని ముందు, పేరు వెనక.

మొదట వచ్చిన కంపెనీ వేరియన్ అసోసియేట్స్. ఆ వేరియన్ సోదరులు 1937లోనే స్టాన్‌ఫర్డ్ ల్యాబులో పనిచేస్తూ రాడార్లలో వాడే క్లిస్ట్రాన్ అనే పరికరం కనిపెట్టినవాళ్లు. ఆ తర్వాత పార్కులోకి వచ్చిన హ్యూలెట్ ప్యాకర్డ్‌ను 1939లో పెట్టిన ఇద్దరూ టెర్మన్ శిష్యులే. అంటే పునాది రాయి వేసేనాటికి పదేళ్లకు పైగా ప్రొఫెసర్లకూ కంపెనీలకూ మధ్య రాకపోకలున్నాయి. పార్కు ఆ రాకపోకలకు స్థిరమైన చోటు ఇచ్చింది. పార్కు కంపెనీల ఇంజనీర్లు ఉద్యోగం చేస్తూనే స్టాన్‌ఫర్డ్‌లో పీజీ చదువుకునే వీలూ 1950లలో కల్పించారు. మరో సంగతి, ఆ ప్రాంతానికి సిలికాన్ అన్న పేరు రావడానికి కారణమైన చిప్పుల కథ ట్రాన్సిస్టర్ కనిపెట్టిన వాళ్లలో ఒకడైన షాక్లీ 1956లో పెట్టిన ల్యాబుతో మొదలైంది. అది ఉన్నది మౌంటెన్ వ్యూలో, స్టాన్‌ఫర్డ్ పార్కులో కాదు. ఆ రోజుల్లో అమెరికా సైన్యం ఎలక్ట్రానిక్స్ మీద కుమ్మరించిన డబ్బును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇన్ని కారణాలు వదిలేసి బిల్డింగ్ ఒక్కటే చూపిస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

"బిల్డింగ్ కడితే వాటంతటవే వస్తాయి" అన్నదానికి తైవాన్ కూడా జవాబు చెబుతుంది. సింజు సైన్స్ పార్క్ 1980లో మొదలైంది. అప్పటికే ఆ ఊళ్లో రెండు పెద్ద యూనివర్సిటీలున్నాయి. 1973లో ప్రభుత్వం పెట్టిన పారిశ్రామిక పరిశోధన సంస్థ ఉంది. ఈరోజు ప్రపంచమంతా చిప్పుల కోసం ఎదురుచూసే టీఎస్‌ఎంసీ ఆ సంస్థ సాయంతోనే 1987లో పుట్టింది. ముందు పరిశోధన సంస్థ, తర్వాత పార్కు, ఆ తర్వాత కంపెనీ. మధ్యలో పద్నాలుగేళ్లు.

విజయవాడ చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి కదా, మనకూ అలాగే వస్తుంది కదా అని కొందరు ఆ మెసేజ్ కింద రాస్తున్నారు. కాలేజీల సంఖ్య ఇక్కడ లెక్కకు రాదు. సిలబస్ పూర్తి చేసి పరీక్షలు పెట్టే కాలేజీ కంపెనీ పరిశోధనకు ఏమీ ఇవ్వలేదు. సొంత ల్యాబులో పనిచేసే అధ్యాపకులు కావాలి, ఒక సమస్య మీద నాలుగైదేళ్లు కూర్చునే పీహెచ్‌డీ విద్యార్థులు కావాలి, వాళ్లకు స్కాలర్‌షిప్ నెలనెలా సరిగ్గా అందాలి. వారానికి ఇన్ని గంటలు క్లాసులు చెప్పి, అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిరగాల్సి వచ్చే అధ్యాపకుడు ఏ ల్యాబులో కూర్చుంటాడు? ఈ విషయం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. తెలివైన టీచర్లు మన దగ్గర లేక కాదు, వాళ్లకు సమయం ఇవ్వక ఈ పరిస్థితి.

లాం ఫామ్, స్పైసెస్ పార్క్ రెండూ రీసెర్చ్ పార్కులే అన్న మాటకు వద్దాం. గుంటూరు వాళ్లకు ఇది దగ్గరి సంగతి, అందుకే దీన్ని తేలిగ్గా వదలలేను.

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డులో ఉన్న లాం ఫామ్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్ర కార్యాలయం కూడా అక్కడే. కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో చల్లే మినుము సంచుల మీద ఎల్‌బీజీ అని ఉంటుంది. ఆ మొదటి అక్షరం లాందే. ఎల్‌బీజీ 752 పేరు తెలియని మినుము రైతు మన దగ్గర అరుదు. మిర్చిలో ఎల్‌సీఏ 334 లాం రకమే. యార్డులో దాన్ని 334 అంటే చాలు. ఇంత పని చేసిన చోటును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అది పరిశోధన స్థానం. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ శాస్త్రవేత్తలతో, రైతు కోసం పనిచేస్తుంది. కంపెనీలు వచ్చి పక్కన తమ ల్యాబులు పెట్టుకుని ఉమ్మడిగా పనిచేసే ఏర్పాటు వేరు.

యడ్లపాడు మండలం వంకాయలపాడు దగ్గరున్న స్పైసెస్ పార్క్ సుగంధ ద్రవ్యాల బోర్డుది. ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. మిర్చి, ఇతర మసాలా దినుసుల్ని శుభ్రం చేసి, గ్రేడింగ్ చేసి, పొడి కొట్టి, ప్యాక్ చేసే యూనిట్లకు స్థలం ఇచ్చే చోటు అది. రైతు సరుకుకు విలువ పెంచడానికి అవసరమైన పనే. అయినా దాన్ని ప్రాసెసింగ్ పార్క్ అనాలి.

ఈ రెండూ మనకు ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన ముడి లేదు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతను ఎలా తినేసిందో ఈ జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. పెట్టుబడి మొత్తం పోయి తోటలు పీకేసిన రైతులున్నారు. ఆ పురుగును తట్టుకునే రకం, దాన్ని తినే మిత్ర పురుగులు, ఎప్పుడు ఏ మందు కొట్టాలన్న లెక్క, వీటి మీద లాం శాస్త్రవేత్త, విత్తన కంపెనీ, బయోపెస్టిసైడ్ తయారుచేసే చిన్న కంపెనీ ఒకే ఆవరణలో కూర్చుని పనిచేస్తే ఎంత తేడా వస్తుందో ఊహించండి. ఎగుమతి మిర్చిలో మందుల అవశేషాలున్నాయనో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందనో కంటైనర్ వెనక్కి వస్తే దెబ్బ చివరికి రైతు ధర మీదే పడుతుంది. ఆ పరీక్షలు చేసే ల్యాబు, ఆరబెట్టే పద్ధతి మార్చే ఇంజనీరు, కోల్డ్ స్టోరేజీ యజమాని, వీళ్లను ఒప్పందంతో కలిపి కూర్చోబెట్టే చోటు పేరే రీసెర్చ్ పార్క్. "మనకు ఇప్పటికే రెండున్నాయి" అనే మాట వల్ల అసలు నష్టం ఇక్కడే ఉంది. ఉందనుకున్నదాన్ని ఎవరూ అడగరు.

విజయవాడ వైపు చూస్తే ఆటోనగర్ ఉంది. లారీ బాడీ కట్టే మేస్త్రీలు, లేత్ పనివాళ్లు, ఇంజన్ రీబోర్ చేసేవాళ్లు, స్ప్రింగులు కొట్టేవాళ్లు అంతా అక్కడే. తక్కువ బరువుతో బాడీ కట్టడం, బ్యాటరీ బండ్ల రిపేరు, పాత ఇనుమును మళ్లీ వాడటం లాంటి ప్రశ్నలకు మెటలర్జీ, మెకానికల్ ల్యాబుల అవసరం ఎంతైనా ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, వైద్య పరికరాల పరీక్షకు అంతకంటే మంచి పొరుగు దొరకదు. పరిశోధించడానికి ఇక్కడ విషయం లేదనే మాట నేను ఎప్పటికీ ఒప్పుకోను.

"డిగ్రీ పాసైన ప్రతి పిల్లాడికీ ఉద్యోగం" అన్న మాట అబద్ధం. రీసెర్చ్ పార్కులో మొదటి ఏళ్లలో వచ్చే ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి. పీహెచ్‌డీలకు, ఎం.టెక్, ఎం.ఎస్‌సీ వాళ్లకు ఎక్కువ, ల్యాబ్ టెక్నీషియన్లకు, డిప్లొమా చదివి మిషన్ నడపగలిగేవాళ్లకు కొన్ని. పెద్ద సంఖ్య రావడానికి దశాబ్దాలు పడుతుంది. అమెరికాలో నార్త్ కరొలినా రాష్ట్రం మన గుంటూరులాగే పొగాకు మీద బతికింది. బట్టల మిల్లులు, ఫర్నిచర్ పనీ ఉండేవి. చదువుకున్న పిల్లలు, మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు వెళ్లినట్టే, ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయేవాళ్లు. మూడు యూనివర్సిటీల మధ్య 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ పెట్టారు. ఐబీఎం లాంటి పెద్ద కంపెనీ రావడానికి 1965 దాకా ఎదురుచూశారు. ఈరోజు అక్కడ 50 వేల మందికి పైగా పనిచేస్తున్నారంటే వెనక 60 ఏళ్లకు పైబడిన ఓపిక ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లవాడికి ఈ విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. పరిశోధన మీద ఇష్టముంటే ఆ దారిలో చదవమనాలి, పక్కన పార్కు వస్తుందని మాత్రం కోర్సు మార్చుకోవద్దని చెప్పాలి.

చివరిది, మెసేజ్ అసలు ఉద్దేశం: "స్థలం ఇప్పుడే కొనుక్కోండి."

ఆ రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ కథలోనే దీనికీ జవాబుంది. మొదట్లో దాన్ని లాభం కోసం నడిచే భూముల వ్యాపారంగా ప్రయత్నించారు. కార్ల్ రాబిన్స్ అనే పెట్టుబడిదారు డబ్బుతో ఎకరాలు కొన్నారు. కంపెనీలు రాలేదు. అప్పుడు ఆర్చీ డేవిస్ అనే బ్యాంకు అధికారి ఇది లాభం కోసం నడిచే పనిగా ఉంటే జనం నమ్మరని చెప్పి, రాష్ట్రమంతా తిరిగి సుమారు 14 లక్షల డాలర్ల విరాళాలు పోగుచేశాడు. ఆ డబ్బుతో భూమిని లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతిలో పెట్టారు. పార్కు నిలబడింది ఆ తర్వాతే. భూమి ధర మీద ఆశతో మొదలుపెట్టిన ప్రయత్నం ఆగిపోయిన చోట యూనివర్సిటీల కోసం ఇచ్చిన విరాళం పనిచేసింది.

పార్కు దగ్గర భూమి విలువ ఎప్పటికీ పెరగదని నేను అనడం లేదు. పెరగడానికి ముందు పార్కు ఉండాలి, అందులో పని జరగాలి. సెజ్ అనాలంటే చట్టం కింద నోటిఫికేషన్ కావాలి. రీసెర్చ్ పార్క్ అన్న మాటను మాత్రం లేఅవుట్ బ్రోచర్ మీద ఎవరు పడితే వాళ్లు వేసేస్తున్నారు. కొనేవాళ్లకు ఒక రక్షణ ఉంది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి అడ్వాన్స్ కట్టి నష్టపోతే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి. అందుకే బ్రోచర్ పారేయకండి, ఏజెంట్ పంపిన మెసేజ్ డిలీట్ చేయకండి. ముందుగా రెరా నంబరు అడగండి. తర్వాత ఆ రీసెర్చ్ పార్క్ ఏ యూనివర్సిటీది, భూమి ఎవరి పేరు మీద ఉంది, కంపెనీలకూ యూనివర్సిటీకీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఎక్కడుంది అని అడగండి. కాగితం చూపిస్తే చదివి నిర్ణయించుకోండి. చూపించలేకపోతే ఆ స్థలానికి పక్క పొలం ధర ఎంతో అంతే ఇవ్వండి, అది కూడా మీకు నిజంగా అవసరమైతేనే.